మొదటి పేపర్ ఏ జర్నల్‌కి పంపాలి? చందా, ఏపీసీ, డైమండ్, ప్రీప్రింట్: ఎవరికి ఏది

పీహెచ్‌డీ సగంలో ఉన్నవాళ్లూ, ఎండీ థీసిస్ రాస్తున్నవాళ్లూ జర్నల్ గురించి అడిగేది ఇంచుమించు ఒకటే. స్కోపస్‌లో (ఎంపిక చేసిన జర్నల్స్‌ని నమోదు చేసే అంతర్జాతీయ సూచీ) ఉండాలి, తొందరగా రావాలి, ఎంతవుతుంది? ఆ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. పేపర్ వేయించుకోవాలంటే డబ్బు కట్టి తీరాలన్న నమ్మకం మన కాలేజీల్లో బాగా పాతుకుపోయింది. నిజానికి ఎక్కువమందికి రూపాయి కట్టకుండా మంచి జర్నల్‌లో వేయించుకునే దారి ఉంది. అయితే టైమ్ ముందుగా లెక్కేసుకోవాలి.

దారులు నాలుగు. చందా జర్నల్‌కి చదివేవాళ్ల లైబ్రరీ డబ్బు కడుతుంది, రాసినవాళ్లు కట్టరు. గోల్డ్ ఓపెన్ యాక్సెస్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ఖర్చంతా రాసినవాళ్ల మీద పడుతుంది. ఆ ఫీజునే ఏపీసీ అంటారు. డైమండ్‌లో ఇద్దరూ కట్టరు. ఏదో అకాడమీయో, శాస్త్రవేత్తల సంఘమో, ప్రభుత్వ సంస్థో ఆ భారం మోస్తుంది. ఇక ప్రీప్రింట్ అంటే రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) కాకముందే పబ్లిక్ సర్వర్‌లో పెట్టే ప్రతి. ఇది మిగతా మూడింటికి పోటీ కాదు, వాటితో కలిపి వాడుకునేది.

ముందు రూలు చదవండి, తర్వాత జర్నల్ వెతకండి

మీ యూనివర్సిటీ నిబంధనలో ‘పంపి ఉండాలి’ అని ఉందా, ‘అంగీకారం పొంది ఉండాలి’ అని ఉందా, ‘అచ్చయి ఉండాలి’ అని ఉందా? ఈ మూడింటి మధ్య ఒక్కోసారి ఏడాది తేడా ఉంటుంది. పంపితే చాలన్నచోట అచ్చవ్వాలనుకుని కంగారుపడి లక్షలు కట్టేవాళ్లున్నారు.

యూజీసీ 2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోగా కనీసం ఒక పేపర్ అచ్చవ్వాలి. 2022 నిబంధనల్లో దాన్ని తీసేశారు. అయినా చాలా యూనివర్సిటీలు తమ సొంత రూలుగా కొనసాగిస్తున్నాయి కాబట్టి చూడాల్సింది మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్. ఇంకో సంగతి: యూజీసీ ఆమోదించిన జర్నల్స్ పట్టిక అయిన యూజీసీ-కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. ‘మాది కేర్ లిస్టెడ్’ అని ఇప్పటికీ ప్రచారం చేసుకుంటున్న జర్నల్ చెప్పేది పాత మాట. జర్నల్‌ను బేరీజు వేసుకోవడానికి కొన్ని ప్రమాణాలు సూచించి, ఆ పని యూజీసీ సంస్థలకే వదిలేసింది. కాబట్టి ఏది చెల్లుతుందో మీ డిపార్ట్‌మెంట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

మెడికల్ వాళ్లకి ఇక్కడ ఒక మెలిక ఉంది. పబ్‌మెడ్‌లో కనిపించడం వేరు, మెడ్‌లైన్‌లో ఉండడం వేరు. పబ్‌మెడ్ వైద్య పేపర్లను వెతికే ఉచిత సైట్, మెడ్‌లైన్ అందులో ఎంపిక చేసిన జర్నల్స్ సూచీ. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పాఠం పెట్టినంత మాత్రాన ఏ పేపరైనా పబ్‌మెడ్ వెతుకులాటలో వచ్చేస్తుంది, ఆ జర్నల్ మెడ్‌లైన్‌కి ఎంపిక కాకపోయినా సరే. ప్రమోషన్ నిబంధన మెడ్‌లైన్ అంటుంటే, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో జర్నల్ పేరు కొట్టి, ప్రస్తుతం మెడ్‌లైన్‌కి ఇండెక్స్ అవుతోందని అక్కడ రాసి ఉందో లేదో చూడాలి. జర్నల్ సొంత వెబ్‌సైట్ మీద ఉన్న లోగోలు సాక్ష్యం కావు.

చందా జర్నల్: ఎక్కువమందికి ఇదే సరైన దారి

ఎల్సెవియర్, స్ప్రింగర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్ వంటి సంస్థల పాత జర్నల్స్‌లో చాలావరకు ఇప్పుడు ‘హైబ్రిడ్’. అంటే అదే జర్నల్‌లో రెండు దారులుంటాయి. చందా దారిలో వెళితే ఫీజు సున్నా, ఓపెన్ యాక్సెస్ దారిలో వెళితే వేల డాలర్లు. వెబ్‌సైట్‌లో ఏపీసీ 3,500 డాలర్లని కనబడగానే బెదిరిపోయి వెనక్కి వెళ్లిపోకండి. ఆ జర్నల్ హైబ్రిడ్ అయితే ఆ డబ్బు మీరు కట్టనవసరం లేదు.

పొరపాటు జరిగేది అంగీకారం వచ్చాక. పబ్లిషింగ్ ఫారం ఒకటి పంపి, హక్కుల ఒప్పందం ఎంచుకోమంటారు. అందులో ఓపెన్ యాక్సెస్ అన్నది పైన, ఆకర్షణీయంగా ఉంటుంది. సీసీ బై (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే లైసెన్సు) అని టిక్ పెట్టేస్తే బిల్లు తయారవుతుంది. సబ్‌స్క్రిప్షన్ అనే ఎంపిక కింద ఎక్కడో ఉంటుంది, అది వెతికి నొక్కాలి. ఒకవేళ పొరపాటున నొక్కేస్తే, పేపర్ ఆన్‌లైన్‌లోకి రాకముందే ప్రొడక్షన్ ఎడిటర్‌కి మెయిల్ పెట్టి మార్పించుకోవడం తేలిక. వచ్చేశాక కష్టం.

రెండో ఉచ్చు బదిలీ. మీ పేపర్ రిజెక్ట్ అయినప్పుడు ‘మా మరో జర్నల్‌కి ఒక్క క్లిక్‌తో బదిలీ చేసుకోండి’ అని మెయిల్ వస్తుంది. ఆ మరో జర్నల్ చాలాసార్లు పూర్తి ఏపీసీ జర్నల్. ఫార్మాట్ మళ్లీ మార్చే శ్రమ తప్పుతుందన్న ఆశతో ఒప్పుకుంటే, రెండు మూడు నెలల తర్వాత ఫీజు సంగతి బయటపడుతుంది. ఒప్పుకునే ముందు ఆ జర్నల్ ఫీజుల పేజీ చూడండి.

ఉచితమన్నచోట కూడా చిన్న అక్షరాలు చదవాలి. అచ్చు ప్రతిలో రంగు బొమ్మలకు, పరిమితి దాటిన పేజీలకు విడిగా వసూలు చేసే జర్నల్స్ ఉన్నాయి. రంగు ఆన్‌లైన్‌లో మాత్రమే చాలని రాస్తే మొదటి ఖర్చు పోతుంది. కొన్ని ఎకనామిక్స్, ఫైనాన్స్ జర్నల్స్ పేపర్ పంపేటప్పుడే సమర్పణ రుసుము తీసుకుంటాయి. రిజెక్ట్ అయితే అది సాధారణంగా తిరిగి రాదు. ఆ రంగంలో పేరున్న జర్నల్స్‌కీ ఆ పద్ధతి ఉంది కాబట్టి అదొక్కటే చూసి దొంగ జర్నల్ అనుకోకూడదు.

చందా జర్నల్‌లో వేస్తే ఎవరూ చదవరన్న వాదన ఉంది. దేశం లోపల దాని బలం కొంత తగ్గింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నల్స్ 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో చదువుకోవచ్చు. 2025 నుంచి 2027 వరకు దీనికి కేటాయించింది 6,000 కోట్లు. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఉన్న పాఠకుడికి మీ పేపర్ అందుతుంది. ప్రైవేటు కాలేజీ వాళ్లకి, సొంత ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లకి అందదు. అది నిజమైన లోటే.

ఆ లోటుకి మందు సెల్ఫ్ ఆర్కైవింగ్. రివ్యూ అయిపోయి, దిద్దుబాట్లన్నీ చేసి, జర్నల్ వాళ్ల పేజీ సెట్టింగ్ పడకముందున్న ప్రతిని యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అంటారు. దాన్ని మీ సంస్థ రిపాజిటరీలో (పేపర్లు అందరికీ అందుబాటులో ఉంచే ఆన్‌లైన్ భాండాగారం) పెట్టుకోవడానికి చాలా చందా జర్నల్స్ అనుమతిస్తాయి. సాధారణంగా 12 నుంచి 24 నెలల గడువు విధిస్తాయి. ఏ జర్నల్ ఎన్నాళ్లంటుందో ఓపెన్ పాలసీ ఫైండర్ (ఒకప్పటి షెర్పా రోమియో) అనే ఉచిత వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. జర్నల్ రూపొందించిన చివరి పీడీఎఫ్‌ని మాత్రం రీసెర్చ్‌గేట్‌లో పెట్టకండి, అది హక్కుల ఉల్లంఘన. కేంద్ర ప్రభుత్వ శాఖలైన డీబీటీ (బయోటెక్నాలజీ), డీఎస్‌టీ (సైన్స్ అండ్ టెక్నాలజీ) నిధులతో చేసిన పనికి 2014 విధానం ప్రకారం రిపాజిటరీలో పెట్టడం ఎటూ బాధ్యతే.

ఈ దారికి అసలు బలహీనత నిదానం. సైన్స్‌లో మూడు నుంచి ఎనిమిది నెలలు మామూలు. సోషల్ సైన్సెస్‌లో ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. గడువుకి నాలుగు నెలలే ఉంటే ఇది జూదం.

ఏపీసీ ఎప్పుడు కట్టాలి?

ప్లాస్ వన్, సైంటిఫిక్ రిపోర్ట్స్ లాంటి పెద్ద జర్నల్స్‌లో ఫీజు 2,000 డాలర్ల పైమాటే, అంటే లక్షన్నర రూపాయలు దాటుతుంది. నేచర్ తన ఓపెన్ యాక్సెస్ దారికి మొదట ప్రకటించిన రేటు 9,500 యూరోలు. వీటి మీద జీఎస్టీ కూడా పడుతుంది, కాబట్టి గ్రాంట్ దరఖాస్తులో ఏపీసీ వేసేటప్పుడు పన్ను కలిపి వేయండి. రాయితీ మీద ఆశ పెట్టుకోవద్దు. పేద దేశాలకు మాఫీ ఇచ్చే ప్రచురణ సంస్థలు కొన్ని జీడీపీ 200 బిలియన్ డాలర్లు దాటిన దేశాలను పక్కనపెడతాయి, అందువల్ల భారత్‌కి మాఫీ దక్కదు. ఆటోమేటిక్‌గా కాకుండా విడిగా అడిగితే ఇచ్చే జర్నల్స్ ఉన్నాయి. కానీ అడగాల్సింది పేపర్ పంపేటప్పుడే. అంగీకారం వచ్చాక బతిమాలితే చాలాచోట్ల వినరు.

మూడు సందర్భాల్లో కట్టడం సబబు. గ్రాంట్‌లో ఆ పద్దు ఉన్నప్పుడు. నిధులిచ్చినవాళ్లు ఓపెన్ యాక్సెస్ తప్పనిసరి అన్నప్పుడు: హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయెన్స్‌కి అలాంటి షరతుంది, గేట్స్ ఫౌండేషనైతే 2025 నుంచి ప్రీప్రింట్ కోరుతోంది గానీ ఏపీసీ ఇవ్వడం మానేసింది. ఇక మూడోది, మీ పాఠకులు చందా లేనివాళ్లయినప్పుడు. జిల్లా ఆసుపత్రుల్లో వాడుకోదగ్గ ఫలితం, స్వచ్ఛంద సంస్థలకు పనికొచ్చే సర్వే అలాంటివి. స్టైపెండ్‌లోంచి కట్టడం మాత్రం ఏ సందర్భంలోనూ సబబు కాదు. గైడ్ కట్టమంటే, పైన చెప్పిన హైబ్రిడ్ సంగతి ఆయన ముందు పెట్టండి.

కట్టే ముందు ఆలోచించాల్సిన మరో ప్రమాదం జర్నల్ జాబితా నుంచి జారిపోవడం. 2023 మార్చిలో స్కోపస్ లాంటి మరో సూచీ వెబ్ ఆఫ్ సైన్స్ దాదాపు 50 జర్నల్స్‌ని తొలగించింది. ఎండీపీఐ అనే ప్రచురణ సంస్థ వారి ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ రీసెర్చ్ అండ్ పబ్లిక్ హెల్త్’ అందులో ఉంది. అప్పటికి అది ఏటా వేల పేపర్లు వేస్తున్న జర్నల్. అదే ఏడాది తన అనుబంధ సంస్థ హిందావి జర్నల్స్‌లోంచి వైలీ 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది. రెండింట్లోనూ విపరీతంగా పేపర్లు పడ్డాయి. ముఖ్యంగా హిందావి విషయంలో స్పెషల్ ఇష్యూలను పేపర్ మిల్లులు (నకిలీ పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాలు) వాడుకున్నాయి. అందుకే ఏపీసీ జర్నల్‌లో వేయాలనుకుంటే మామూలు సంచికకే పంపండి. ‘మా స్పెషల్ ఇష్యూకి మీ విలువైన రచన పంపండి’ అని పరిచయం లేనివాళ్లు రాసే మెయిల్‌కి జవాబివ్వకండి. తొలగింపు రోజు దాకా ఇండెక్స్ అయిన పేపర్లు సాధారణంగా అక్కడే ఉంటాయి, ఆ తర్వాతివి ఎక్కవు. మీ పేపర్ రివ్యూలో ఉండగా తొలగింపు జరిగితే ఫీజు కట్టకముందే వెనక్కి తీసుకోండి.

డైమండ్: తక్కువ మంది చూసే మంచి దారి

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నల్స్ ప్రమాణ, సాధన, జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ వగైరాలను స్ప్రింగర్‌తో కలిసి వేస్తుంది. రచయిత ఏమీ కట్టడు, అకాడమీ వెబ్‌సైట్‌లో పేపర్ ఉచితంగా దొరుకుతుంది. వైద్య నైతికత, ప్రజారోగ్యం మీద రాసేవాళ్లకి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ ఉంది. ఇతర దేశాలవి కావాలంటే డీఓఏజే అనే డైరెక్టరీలో ఫీజు లేని జర్నల్స్ మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. అందులో ఉన్నవాటిలో సగానికి పైగా ఏపీసీ తీసుకోవు. వీటికి ఉన్న లోపం సిబ్బంది కొరత. మెయిల్‌కి జవాబు రావడానికే వారాలు పడుతుంది. మూడు నెలలు దాటాక మర్యాదగా ఒకసారి గుర్తుచేయొచ్చు.

ప్రీప్రింట్: ఫిజిక్స్‌లో అలవాటు, క్లినికల్ పనిలో ఆచితూచి

1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) అనే ప్రీప్రింట్ సర్వర్ వల్ల ఫిజిక్స్, గణితం వాళ్లకి ప్రీప్రింట్ రోజువారీ పని. కొత్తగా చేరేవాళ్లకి ఆ రంగంలో ఇప్పటికే పేపర్లు పెట్టినవారి సిఫార్సు అవసరం కావచ్చు, గైడ్‌ని ముందే అడిగి ఉంచుకోండి. జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో, వైద్యానికి మెడ్ఆర్కైవ్ 2019లో వచ్చాయి. మెడ్ఆర్కైవ్ కేస్ రిపోర్టులు తీసుకోదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. పెట్టాక చెరిపేయడం కుదరదు. వెనక్కి తీసుకున్నట్టు గుర్తు వేస్తారు గానీ పాత ప్రతి అలాగే ఉంటుంది. కాబట్టి రోగుల గుర్తింపు బయటపడే వివరం ఒక్కటి కూడా లేదని చూసుకోవాలి: ఊరు, వయసు, అరుదైన జబ్బు మూడూ ఒకే వరుసలో ఉన్న టేబుల్ చాలు, మనిషిని పట్టేయడానికి.

రెండు చోట్ల ప్రీప్రింట్ వద్దు. పేటెంట్ ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు దాఖలు చేయాలి, లేకపోతే కొత్తదనం పోతుంది. రచయితల పేర్లు దాచి రివ్యూ చేసే సోషల్ సైన్స్ జర్నల్‌కి పంపుతుంటే, గూగుల్‌లో శీర్షిక కొడితే పేరు బయటపడుతుంది. ఆ జర్నల్ విధానం చదివాకే పెట్టండి. ఎకనామిక్స్‌లో వర్కింగ్ పేపర్ అలవాటు పాతదే కాబట్టి అక్కడ అంత పట్టింపు లేదు.

దొంగ జర్నల్‌ని పట్టడం

ఈ విషయంలో మన నగరానికి చెడ్డపేరు కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. రివ్యూ గురించి, ఫీజుల గురించి, సదస్సులకొచ్చే వక్తల గురించి తప్పుదారి పట్టించినందుకు 2019లో అక్కడి కోర్టు 50.1 మిలియన్ డాలర్ల తీర్పు ఇచ్చింది. అంతకుముందు 2013లో, సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ తప్పులతో నిండిన కల్పిత పేపర్‌ని 304 జర్నల్స్‌కి పంపితే 157 ఒప్పుకున్నాయి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఇతరులు ఉదహరించారో చెప్పే అంకె) అబద్ధాన్ని పట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ సంస్థ ఒక్కటే. 2023 నుంచి అది దశాంశం తర్వాత ఒక్క అంకే ఇస్తోంది. కాబట్టి ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2024: 7.683’ అని ఉంటే అది వేరెవరో అమ్మిన అంకె. ‘గ్లోబల్’, ‘సైంటిఫిక్ జర్నల్’ అనే మాటలు ముందు తగిలించిన ఫ్యాక్టర్లకు విలువ లేదు.

స్కోపస్ మాటని నమ్మేముందు స్కోపస్ వారి సోర్సెస్ పేజీలో చూడండి, అది ఉచితం. పేరుతో కాదు, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుతో (ప్రతి జర్నల్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) వెతకండి. కవరేజ్ సంవత్సరాలు 2021 దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ జర్నల్‌ని ఆపేశారని అర్థం. తర్వాత స్కోపస్ రికార్డు నుంచి ప్రచురణకర్త పేరు తీసుకుని, జర్నల్ వెబ్‌సైట్ ఆ ప్రచురణకర్తదేనా అని సరిపోల్చండి. పాత మంచి జర్నల్ పేరు, నంబరు కాజేసి నకిలీ సైట్ నడిపేవాళ్లు ఎక్కువయ్యారు. ఐఎస్‌ఎస్‌ఎన్ సరిగ్గా ఉన్నా సైట్ నకిలీది కావచ్చు. రిట్రాక్షన్ వాచ్ వారి హైజాక్డ్ జర్నల్స్ జాబితా ఇలాంటప్పుడు పనికొస్తుంది. వాట్సాప్‌లో ‘స్కోపస్ గ్యారంటీ, 15 రోజుల్లో అంగీకారం’ అనేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటికే పంపేసి ఇరుక్కుంటే డబ్బు కట్టకండి, కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకండి. ఉపసంహరించుకుంటున్నామని తేదీతో మెయిల్ పెట్టి దాచుకోండి. ఉపసంహరణ ఫీజు అడుగుతారు. ఏ ఒప్పందం మీదా సంతకం లేనప్పుడు అది ఉత్త బెదిరింపే. ఒక్క చిక్కు: వాళ్లు ఎటూ పేపర్ పెట్టేయొచ్చు. అలా జరిగితే తర్వాత పంపే జర్నల్ ఎడిటర్‌కి కవర్ లెటర్‌లోనే ఆ సంగతి, మెయిళ్లతో సహా చెప్పేయాలి.

మరి ఎవరికి ఏది?

ప్రభుత్వ ఆసుపత్రిలో 150 మంది రోగుల మీద చేసిన ఎండీ థీసిస్ అయితే, మీ స్పెషాలిటీ జాతీయ సంఘం జర్నల్‌కి మొదట పంపండి. దానికి ఫీజుంటే చందా దారి ఉన్న మరో జర్నల్. స్ట్రోబ్ చెక్‌లిస్టు (పరిశీలనాత్మక అధ్యయనాల నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) నింపి జతచేయండి, ఎథిక్స్ అనుమతి నంబరు మెథడ్స్‌లో ఉండాలి. ట్రయల్ అయితే అసలు సమస్య జర్నల్ ఎంపిక కాదు. క్లినికల్ ట్రయల్స్‌ని నమోదు చేసే భారత రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో, మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేశారా లేదా అన్నదే. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ముందస్తు నమోదు మాత్రమే తీసుకుంటున్నారు. నమోదు లేని ట్రయల్‌ని మంచి మెడికల్ జర్నల్స్ తలుపు దగ్గరే తిప్పి పంపుతాయి, ఏపీసీ కట్టినా ఇది మారదు.

మెటీరియల్స్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ వాళ్లు ప్రీప్రింట్ పెట్టి, హైబ్రిడ్ జర్నల్‌కి చందా దారిలో వెళ్లండి. దీనికంటే మంచి కలయిక లేదు: తేదీ మీ పేరున పడుతుంది, పాఠకుడికి ఉచితంగా అందుతుంది, ఖర్చు లేదు.

తెలంగాణలో కౌలు రైతుల మీదో, ఆంధ్ర తీరంలో మత్స్యకారుల మీదో క్షేత్ర అధ్యయనం చేసిన సోషల్ సైన్స్ విద్యార్థికి ముందున్న ఎంపిక విధానాలు చదివే పాఠకులా, సిద్ధాంతం చదివే పాఠకులా అన్నది. మొదటివాళ్లకైతే ముంబై నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ. రెండోవాళ్లకైతే సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ జర్నల్స్ చందా దారి. రెండుచోట్లా ఒకేసారి పంపడం మాత్రం ఏ రంగంలోనూ కుదరదు. పట్టుబడితే ఇద్దరూ తిప్పి పంపుతారు.

థీసిస్ శోధ్‌గంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఎక్కేశాక దాంట్లోంచి పేపర్ పంపితే సారూప్యత ఎక్కువగా కనిపిస్తుంది. పేపర్ థీసిస్‌లోంచి తీసుకున్నదని కవర్ లెటర్‌లో రాస్తే చాలా ఎడిటర్లు అభ్యంతరపెట్టరు. మెథడ్స్ భాగం మాత్రం తిరగరాయండి.

ఇక తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. ఇంటిపేరు ముందుండి పొడి అక్షరంగా మిగిలిపోయే మన పద్ధతి సబ్మిషన్ ఫారంలోని ‘లాస్ట్ నేమ్’ గడిలో ఇమడదు. ఒకసారి కె. శ్రీనివాస్ అని, ఇంకోసారి శ్రీనివాస్ కొండపల్లి అని ఇస్తే స్కోపస్‌లో ఇద్దరు మనుషులవుతారు. మొదటి పేపర్‌కే ఒక రూపం ఖాయం చేసుకుని, పరిశోధకులకు ఉచితంగా దొరికే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ ఐడీకి దాన్ని కలిపేయండి. ప్రూఫ్ వచ్చినప్పుడు సరిచూసి పంపడానికి చాలా జర్నల్స్ 48 గంటలే ఇస్తాయి. అందులో మొదట చూడాల్సింది పేర్లు, సంస్థ పేరు, గ్రాంట్ నంబరు. అవి తప్పు పడితే తర్వాత దిద్దుబాటు నోటీసు వేయించాలి, అదీ మీ రికార్డులో ఉండిపోతుంది.